మొజార్ట్ డి మైనర్ పియానో కాన్సర్టో: చాంబర్ ఆర్కెస్ట్రా రికార్డింగుల్లో ఏది ఎంచుకోవాలి?

మొజార్ట్ రాసిన 20వ పియానో కాన్సర్టో (ఒంటరి పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే కృతి), అంటే డి మైనర్ శ్రుతిలోని కె. 466 (కోషెల్ కూర్చిన మొజార్ట్ కృతుల పట్టికలో దాని సంఖ్య), వినాలని ఎవరైనా స్ట్రీమింగ్ యాప్ తెరిచి వెతికితే ఒకే పేరుతో లెక్కలేనన్ని రికార్డింగులు వచ్చి పడతాయి. అన్నింటిలోనూ అవే స్వరాలు, అదే అరగంట నిడివి. అయినా ఒకటి విన్న చెవికి మరొకటి పూర్తిగా వేరే కృతిలా తోచడం మామూలే. పాశ్చాత్య సంగీతం మీద కొత్తగా ఆసక్తి కలిగిన మిత్రులు నన్ను తరచుగా అడిగేది కూడా ఇదే: ఇన్నింటిలో ఏది వినాలి, ఏది కొని ఇంట్లో ఉంచుకోవాలి? ఈ ప్రశ్నకు చాంబర్ ఆర్కెస్ట్రాలు, అంటే చిన్న వాద్యబృందాలు, చేసిన రికార్డింగుల మేరకు మాత్రమే ఇక్కడ సమాధానం చెప్పదలిచాను. పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలు వాయించినవాటిలో గొప్పవి లేకపోలేదు. కానీ ఈ కృతిలో పియానో ఎంత ముఖ్యమో దాని వెనుక వాయించే వాద్యాలూ అంతే ముఖ్యం. ఆ వాద్యాలు విడివిడిగా చెవికి చేరేది బృందం చిన్నదైనప్పుడే. నేను రికార్డింగులను తూచే తూకం కూడా ఇదొక్కటే. పియానో వాయించినవారు ఎంతటి ఘనులన్నది నాకు రెండో ప్రశ్న.

ఈ తూకానికి కృతి పుట్టుకలోనే ఆధారం ఉంది. మొజార్ట్ దీనిని పూర్తిచేసినట్టు తన సొంత పట్టికలో రాసుకున్న తేదీ 1785 ఫిబ్రవరి 10. మర్నాడే, ఫిబ్రవరి 11న, వియన్నాలోని మెల్‌గ్రూబె అనే భవనంలో చందాదారుల కోసం ఏర్పాటుచేసిన కచేరీలో దానిని వాయించాడు. పేరును బట్టి చూస్తే మెల్‌గ్రూబె అంటే పిండి కొట్టు. నేటి వేల సీట్ల సభామందిరాలతో దానికి పోలికే లేదు. సరిగ్గా ఆ రోజే సాల్జ్‌బర్గ్ నుంచి వచ్చిన తండ్రి లియోపోల్డ్, కొన్ని రోజుల తరువాత కూతురికి రాసిన ఉత్తరంలో ఆ రోజు సంగతి చెప్పాడు. తాము చేరుకునేసరికి నకళ్ళు రాసేవాడు ఇంకా రాస్తూనే ఉన్నాడట. ఆ నకళ్ళను సరిచూసే పనిలో పడి, చివరి భాగమైన రొండోను ఒక్కసారి వాయించి చూసుకోవడానికి కూడా కొడుక్కి తీరిక దొరకలేదట. ఇలా సిరా ఆరకముందే వేదికెక్కిన ఈ కృతి మొజార్ట్ పియానో కాన్సర్టోలలో మైనర్ శ్రుతిలో ఉన్న రెండింటిలో మొదటిది. రెండవది 24వది, సి మైనర్.

ఇందులో తంత్రీ వాద్యాలతో పాటు ఊదే వాద్యాలైన ఒక ఫ్లూట్, రెండేసి ఓబోలు, బసూన్లు, హార్న్‌లు, ట్రంపెట్లు, ఒక జత టింపనీలు ఉంటాయి. టింపనీ మన నగారాకు యూరప్‌లో పెరిగిన దాయాదే. సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వరుసలు బాగా పెరిగినప్పుడు ఒంటరి ఫ్లూట్, జంట బసూన్లు ఆ నిండుదనం కింద మునిగిపోతాయి. చాంబర్ ఆర్కెస్ట్రాలో మొత్తం వాద్యకారులు సుమారు 30 నుంచి 40 మంది కాబట్టి ఎవరి మాట వారిదిగా వినిపించే వీలుంటుంది. అయితే వీలుండటం వేరు, నిజంగా వినిపించడం వేరు. అది బృందాన్ని నడిపే నిర్వాహకుడి (కండక్టర్) మీద, మైకులు అమర్చిన ఇంజనీర్ మీద ఆధారపడుతుంది. చాంబర్ ఆర్కెస్ట్రా అని అట్ట మీద అచ్చువేసినంత మాత్రాన పియానోను శ్రోత ముక్కు ముందు, మిగతావారిని పక్కగదిలో కూర్చోబెట్టినట్టు వినిపించే రికార్డింగులు లేకపోలేదు.

అందుకే ఏ రికార్డింగునైనా పూర్తిగా వినేముందు మూడు చోట్ల పరీక్షించమని చెబుతాను.

మొదటిది ఆరంభం. పియానో ఇంకా నోరు విప్పదు. వయొలిన్లు, వయోలాలు మెల్లగా ఒకే స్వరాన్ని తాళపు దెబ్బ మీద కాకుండా, దెబ్బకూ దెబ్బకూ నడుమ పడేలా మళ్ళీ మళ్ళీ వాయిస్తుంటాయి. మన సంగీతంలో అనాగతంగా ఎత్తుకోవడం తెలిసినవారికి ఆ ఉక్కిరిబిక్కిరి వెంటనే పట్టుబడుతుంది. కింద చెల్లోలు, డబుల్ బేస్‌లు మూడేసి చిన్న స్వరాల గుత్తిని పైకి విసిరి, దెబ్బ మీదకు వచ్చి ఆగుతాయి. ఇలా సుమారు 15 మాత్రాగణాల పాటు, అంటే మన తాళావర్తాల్లాంటి బార్‌ల పాటు, అంతా గుసగుసగానే సాగి, ఒక్కసారిగా మొత్తం బృందం గట్టిగా విరుచుకుపడుతుంది. మంచి రికార్డింగులో ఈ మూడు స్వరాల గుత్తి ప్రతిసారీ స్పష్టంగా వినబడాలి. అది కేవలం ఒక గరగరలా వినిపిస్తే ఆ రికార్డింగు ఈ పరీక్షలో తప్పినట్టే. గుసగుసకూ విరుచుకుపడటానికీ మధ్య తేడా తగినంత లేకపోయినా అంతే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకరులో ఈ మంద్ర స్వరాలు అసలు పలకవు. నేను మొదటిసారి ఈ కృతిని వేసవి మధ్యాహ్నం ఫోన్‌ను బల్ల మీద పెట్టుకుని, పైన ఫ్యాన్ తిరుగుతుండగా, కింద వీధిలో కూరగాయల బండి మైకు అరుస్తుండగా విన్నాను. మొదటి అర నిమిషం ఏమీ వినబడక, పాట మొదలవలేదనుకుని రెండుసార్లు మళ్ళీ నొక్కాను. మామూలు తీగ ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా ఈ ఇబ్బంది తీరుతుంది.

కర్ణాటక సంగీతం వినే చెవికి ఈ మొదటి భాగం మరీ పరాయిగా ఉండదు. డి ని షడ్జమనుకుంటే, పాశ్చాత్యులు హార్మోనిక్ మైనర్ అనే స్వరవరుస మన కీరవాణి మేళం స్వరాలే. అయితే ఇందులో గమకాలు ఉండవు, శ్రుతి ఒకచోట నిలవదు, నిషాదం సందర్భాన్ని బట్టి మారుతుంది. కాబట్టి రాగం వెతుక్కుంటూ కూర్చోవడం వృథా. కానీ కీరవాణి కలిగించే దిగులు ఎక్కడో తగిలితే దానికి కారణం ఇదే.

రెండవ పరీక్ష పియానో ప్రవేశం. ఇంత తుపాను నడిచాక పియానో ఆ తుపానును అందుకోదు. అప్పటిదాకా ఎవరూ వాయించని ఒక కొత్త మాటను, ఒంటరిగా, చాలా నిరాడంబరంగా ఎత్తుకుంటుంది. ఇక్కడ ఒత్తిడి ఎక్కువైతే నాటకమవుతుంది, తక్కువైతే నీరసమవుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక మధ్యాహ్న కచేరీలో పియానిస్టు మరియా జోవావ్ పిరెష్ వేరొక మొజార్ట్ కాన్సర్టో అనుకుని వచ్చి కూర్చోగా, రికార్డో షాయీ నడుపుతున్న ఆర్కెస్ట్రా ఈ డి మైనర్ ఎత్తుకుంది. ఆమె ముఖంలో కనబడిన కలవరం వీడియోగా లోకమంతా తిరిగింది. అయినా తన వంతు వచ్చేసరికి ఆమె వేళ్ళు తడబడలేదు. ఆ వీడియో చూసినవారికి ఈ ప్రవేశం ఎంత సున్నితమైనదో నేను వేరుగా చెప్పనక్కరలేదు.

మూడవది రెండో భాగమైన రొమాన్జె నడిమి ఘట్టం. బి ఫ్లాట్ మేజర్‌లో లాలిపాటలా మొదలైన ఈ భాగం సగంలో జి మైనర్‌లోకి తిరిగి, పియానో ఆగకుండా పరుగెత్తే స్వరాలతో మళ్ళీ గాలివాన అవుతుంది. ట్రంపెట్లు, టింపనీలు ఈ భాగంలో మౌనంగా ఉంటాయి. పియానో పరుగు వెనుక ఓబోలు, బసూన్లు, ఫ్లూట్ దీర్ఘంగా పట్టిన స్వరాలే దానికి ఆసరా. చాలామంది శ్రోతలు ఇక్కడ పియానిస్టు వేళ్ళ వేగాన్నే చూస్తారు. నేను మాత్రం ఆ ఊదే వాద్యాలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చూస్తాను. అవి వినబడితే ఈ ఘట్టం సంభాషణ, వినబడకపోతే వేళ్ళకు కసరత్తు.

ఇక కడెంజా సంగతి. మొదటి భాగం చివర ఆర్కెస్ట్రా ఆగి, సోలో వాద్యకారుడికి సొంతంగా విస్తరించుకునే చోటు ఇస్తుంది. మన కచేరీలో కల్పనస్వరాలకు ఉన్నలాంటి చోటది. ఈ కాన్సర్టోకు మొజార్ట్ రాసిన కడెంజాలు దొరకలేదు. బేతొవెన్ రాసినవి ఉన్నాయి, ఎక్కువమంది వాయించేవి అవే. అవి మొజార్ట్ భాష కాదు. ఇంకా బరువైన, ఇంకా కోపమైన భాష. నాకు అవి ఇష్టమే, కానీ చిన్న బృందం తేలికగా వాయిస్తూ వచ్చిన తరువాత ఒక్కసారిగా వేరే ఇంట్లో అడుగుపెట్టినట్టు అనిపించడం నిజం. పియానిస్టు ఆల్‌ఫ్రెడ్ బ్రెండెల్ లాంటివారు సొంతంగా రాసుకున్నారు. కొనేముందు కడెంజా ఎవరిదో చూసుకోవడం మంచి అలవాటు. ఎంపికను తేల్చేది మాత్రం ఇది కాదు.

అసలైన పెద్ద ప్రశ్న వేరే ఉంది. నేటి పియానో కావాలా, మొజార్ట్ కాలపు ఫోర్టెపియానో కావాలా? మొజార్ట్ వాయించిన ఆంటోన్ వాల్టర్ పియానో ఇప్పటికీ సాల్జ్‌బర్గ్‌లో ఉంది. దానికి ఐదు స్థాయిలే, అంటే 61 మీటలు. నేటి కచేరీ పియానోకు 88. బరువు సుమారు 85 కిలోలు, నేటి కచేరీ పియానో సుమారు 480 కిలోలు. ఇనుప చట్రం లేదు, సుత్తుల మీద ఉన్ని బదులు తోలు ఉంటుంది. దీని ఫలితం చెవికి నేరుగా తెలుస్తుంది. స్వరం చటుక్కున పలికి, వీణ తీగ మీటినట్టు త్వరగా సన్నగిల్లుతుంది. మంద్రంలో కొంత బొంగురుదనం, పైన గాజులాంటి మెరుపు. ఇలాంటి వాద్యం నేటి ఆర్కెస్ట్రాతో నెగ్గుకురాలేదు కాబట్టి, దానితో వాయించేవారు పేగు తీగల వయొలిన్లు, మీటలు లేని హార్న్‌లు, తోలు మూతల టింపనీలే వాడతారు. శ్రుతి కూడా సాధారణంగా 440కి బదులు 430 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అర స్వరస్థానం కూడా పూర్తిగా తగ్గదు. అయినా తంబూరాకు అలవాటుపడ్డ చెవి ఆ తేడాను పసిగడుతుంది.

ఈ దారిలో పాత, నమ్మకమైన ఎంపిక మాల్కమ్ బిల్సన్, జాన్ ఇలియట్ గార్డినర్ నడిపిన ఇంగ్లిష్ బరోక్ సోలోయిస్ట్స్‌తో కలిసి 1980లలో ఆర్కివ్ సంస్థకు చేసిన రికార్డింగు. ఇందులో నేను పైన చెప్పిన మొదటి పరీక్ష అద్భుతంగా నెగ్గుతుంది. ఆ మూడు స్వరాల గుత్తి గోడ మీద గోరుతో గీసినట్టు వినిపిస్తుంది. బృందమంతా విరుచుకుపడే చోట టింపనీ దెబ్బ పొడిగా, చేత్తో కొట్టినంత దగ్గరగా ఉంటుంది. కొన్నిచోట్ల పియానో ఆర్కెస్ట్రాలో కలిసిపోయి దాదాపు వినిపించకుండా పోతుంది. చాలామంది దీనిని లోపమంటారు. నేను అనను. 1785లో మెల్‌గ్రూబెలో కూర్చున్నవారికి కూడా ఇంచుమించు అలాగే వినిపించి ఉంటుంది. పైగా ఒంటరి మనిషి గుంపులో మునిగి మళ్ళీ తేలడమే ఈ మొదటి భాగం కథ. ఇంకాస్త ఆధునికమైన, లోతైన ధ్వని కావాలంటే రొనాల్డ్ బ్రౌటిగామ్, కొల్నర్ అకడమీతో బిస్ సంస్థకు చేసినది ఉంది. దానిలో నడక చురుకు, రొమాన్జె కూడా ఎక్కడా సాగదు.

అయినా మొదటి రికార్డింగుగా ఫోర్టెపియానోను నేను సూచించను. నేటి పియానో ధ్వనికి అలవాటుపడ్డవారికి తొలిసారి అది బొమ్మ పియానోలా తోచి, కృతి మీదే మనసు విరిగే ప్రమాదముంది. రెండవ రికార్డింగుగా మాత్రం తప్పకుండా ఉండాలి.

నేటి పియానోతో చేసినవాటిలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి, పియానిస్టే కూర్చుని వాయిస్తూ, చేతులు ఖాళీ అయినప్పుడల్లా బృందాన్ని నడపడం. మొజార్ట్ చేసింది ఇదే. గేజా ఆండా 1960లలో సాల్జ్‌బర్గ్ కామెరాటాతో, డానియెల్ బారెన్‌బాయిమ్ ఇంగ్లిష్ చాంబర్ ఆర్కెస్ట్రాతో ఈ పద్ధతిలో రికార్డు చేసినవారే. కానీ చాంబర్ సంగీతపు సఖ్యం పూర్తిగా వినాలంటే మరే పేరుకన్నా ముందు ముర్రే పెరాహియా పేరే చెబుతాను. ఇంగ్లిష్ చాంబర్ ఆర్కెస్ట్రాతో 1970ల మధ్య నుంచి సుమారు పదేళ్ళలో మొజార్ట్ కాన్సర్టోలన్నీ ఆయన రికార్డు చేశారు. వాటిలో ఈ డి మైనర్ ఒకటి. దీని గుణం పాడటం. ప్రతి వాక్యానికీ ఊపిరి ఉంటుంది, ఊదే వాద్యాలు ప్రశ్న వేస్తే పియానో అదే గొంతులో జవాబు చెబుతుంది. మూడవ పరీక్షలో దీనికి తిరుగులేదు. మొదటి పరీక్షలో మాత్రం కాస్త మెతక. ఆ విరుచుకుపడే ఘట్టంలో కూడా ఎవరూ మర్యాద తప్పరు. కొందరికి ఇదే నచ్చుతుంది. నాకు ఈ కృతిలో మర్యాద కొద్దిగా తప్పాలి.

ఈ పద్ధతిలో ఇటీవలిది లైఫ్ ఉవె ఆన్స్‌నెస్, మాలర్ చాంబర్ ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగు. 1785లో మొజార్ట్ రాసినవాటిని ఒకచోట చేర్చి 2021లో సోనీ విడుదల చేసిన రెండు డిస్కుల ఆల్బమ్‌లో ఇది మొదటి ప్రధాన కృతి. దానితోపాటు 21, 22 సంఖ్యల కాన్సర్టోలు, జి మైనర్ పియానో క్వార్టెట్, సి మైనర్ ఫాంటసీ వంటివి కూడా ఉన్నాయి. ఒకే ఏడాదిలో ఒక మనిషి ఇన్ని రకాలుగా ఎలా ఆలోచించాడో ఒక్క కొనుగోలుతో తెలుస్తుంది. ఈ బృందం ఫోర్టెపియానో వారి నుంచి పాఠం నేర్చుకున్న నేటి వాద్యబృందం. తీగల మీద కంపన తక్కువ, టింపనీ పొడిగా ఉంటుంది, స్వరాల మొదళ్ళు కత్తిరించినంత స్పష్టం. ధ్వనిముద్రణ కొత్తది కావడంతో తక్కువ ధర ఇయర్‌ఫోన్‌లలో కూడా మంద్ర వాద్యాలు విడివిడిగా తెలుస్తాయి. మూడు పరీక్షల్లోనూ ఎక్కడా తప్పదు. తప్పు పట్టాలంటే ఒక్కటే అనగలను. ఆన్స్‌నెస్ ఎప్పుడూ అదుపు తప్పడు. రెండోసారి, మూడోసారి విన్నప్పుడు ఎక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిసిపోతుంది.

రెండవ పద్ధతిలో నిర్వాహకుడు వేరుగా ఉంటాడు. అప్పుడు బృందానికి సొంత అభిప్రాయం ఉంటుంది, పియానోతో విభేదించే హక్కు ఉంటుంది. మిత్సుకో ఉచిదా 1980లలో జెఫ్రీ టేట్ నడిపిన ఇంగ్లిష్ చాంబర్ ఆర్కెస్ట్రాతో ఫిలిప్స్‌కు చేసినది మెత్తగా, లోలోపలికి చూసుకుంటున్నట్టు ఉంటుంది. రాత్రి పూట వినడానికి బాగుంటుంది కానీ నా తూకంలో ఆర్కెస్ట్రా ఒక అడుగు వెనకబడింది. ఆమె తరువాత క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాను తానే నడుపుతూ మళ్ళీ రికార్డు చేశారు. అది పేరుకు సింఫనీ ఆర్కెస్ట్రా కాబట్టి ఇక్కడ లెక్కలోకి రాదు. బ్రెండెల్ ఒకసారి నెవిల్ మారినర్‌తో, చాలా ఏళ్ళ తరువాత చార్లెస్ మెకెరాస్ నడిపిన స్కాటిష్ చాంబర్ ఆర్కెస్ట్రాతో మరోసారి చేశారు. రెండవది నాకు మిన్న. మెకెరాస్ బృందంలో ఎముక బలం ఉంది, బ్రెండెల్ వాదన చేస్తున్నట్టు వాయిస్తారు. ఇదే డిస్కులో సి మైనర్ కాన్సర్టో కూడా ఉండటంతో మొజార్ట్ మైనర్ కాన్సర్టోలు రెండూ ఒకచోట దొరుకుతాయి.

పియానిస్టు మార్తా ఆర్గెరిచ్, నిర్వాహకుడు క్లాడియో అబ్బాదో జంట చేసినది సభలో శ్రోతల ముందు రికార్డయింది. 2013 మార్చిలో లుసెర్న్ ఉత్సవంలో, అబ్బాదో బొలోన్యాలో 2004లో స్థాపించిన ఆర్కెస్ట్రా మొజార్ట్‌తో వాయించారు. మరుసటి జనవరిలో ఆయన కన్నుమూశారు. ఆర్గెరిచ్ వాయింపులో తరువాతి వాక్యం ఎటు తిరుగుతుందో చెప్పలేం. చివరి భాగాన్ని పియానో ఒంటరిగా, పై స్థాయికి ఎగబాకే స్వరాలతో మొదలుపెడుతుందే, అక్కడ ఆమె ఎగబాకడం కాదు, ఎగురుతుంది. దానికి ఎదురుగా అబ్బాదో బృందం పారదర్శకంగా, ఆమె ఎటు దూకినా అందుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. సభా రికార్డింగు కాబట్టి స్టూడియోలో దొరికే నున్నదనం ఆశించకూడదు. ఇదే ఆర్కెస్ట్రాతో, ఇదే నిర్వాహకుడితో పిరెష్ చేసినది కూడా ఉంది. అది దీనికి పూర్తిగా విరుద్ధం. ఆమె ఒక్క అదనపు మాట కూడా మాట్లాడరు. ఒకే బృందం ఇద్దరు పియానిస్టులతో ఎలా మారుతుందో తెలుసుకోవాలంటే ఈ రెండింటి మొదటి ఐదు నిమిషాలు వెంటవెంటనే వినడం ఎంతో ఉపయోగపడుతుంది.

ఇప్పుడు నేను అన్నింటికన్నా ఎక్కువసార్లు విన్న రికార్డింగుకు వస్తాను. క్లిఫర్డ్ కర్జన్ పియానో, బెంజమిన్ బ్రిటన్ నిర్వహణలో ఇంగ్లిష్ చాంబర్ ఆర్కెస్ట్రా, 1970లో డెకా సంస్థ ముద్రించినది. ముద్రించిన చోటు ఇంగ్లండ్ తూర్పు తీరం దగ్గరి స్నేప్ మాల్టింగ్స్. బార్లీని మొలకెత్తించి ఆరబెట్టే పాత కట్టడాన్ని కచేరీ మందిరంగా మార్చారు. 1969లో అది కాలిపోతే ఏడాదిలో తిరిగి కట్టారు. ఇటుక గోడలు, పైన కలప కప్పు. ఆ కలప ధ్వని రికార్డులో వినిపిస్తుంది. చెల్లోల మంద్రం గది నేల నుంచి లేచినట్టు ఉంటుంది. తన వాయింపును తానే ఎన్నడూ ఒప్పుకోలేని కర్జన్, ఈ ముద్రణను తాను బతికుండగా బయటికి రానివ్వలేదు. 1982లో ఆయన పోయాకే ఇది జనానికి అందింది.

ఆయన దేనికి సందేహించారో ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఒకటి రెండు చోట్ల స్వరాలు పూర్తి సమంగా పడవు, అంతే. బ్రిటన్ స్వయంగా స్వరకర్త కాబట్టి, మొజార్ట్ ఏ స్వరాన్ని ఎందుకు అక్కడ పెట్టాడో ఆలోచించిన మనిషిలా బృందాన్ని నడుపుతాడు. ఆరంభంలో ఆ మూడు స్వరాల గుత్తిని ప్రతిసారీ ఒకేలా వాయించనివ్వడు. మొదటిది ప్రశ్నలా, రెండవది కాస్త ఒత్తిడితో, విరుచుకుపడే ముందు చివరిది దాదాపు ఆపుకోలేనట్టుగా ఉంటుంది. తరువాత కర్జన్ ప్రవేశం. ఏడవకూడదని నిర్ణయించుకున్న మనిషి గొంతులా ఉంటుంది. రొమాన్జె గాలివానలో బసూన్ల పట్టు స్వరాలు పియానో కింద ఒక నల్లని గీతలా కనిపిస్తాయి. పాత టేపు సన్నని హిస్ శబ్దం నిశ్శబ్ద ఘట్టాల్లో తెలుస్తుంది. దానికి రెండు నిమిషాల్లో చెవి అలవాటుపడుతుంది.

ఖర్చు తగ్గించుకుని డిస్కు కొనాలనుకునేవారికి నాక్సోస్ సంస్థలో యెనో యాండో, కన్చెంటుస్ హుంగారికుస్‌తో చేసినది ఉంది. మూడు పరీక్షల్లోనూ మధ్యస్థమే కానీ ఎక్కడా కృతికి అన్యాయం చేయదు. ధర విషయంలో దీని వాదన బలమైనదే, అయినా స్ట్రీమింగ్ చందా ఉన్నవారికి ఆ ప్రశ్నే రాదు.

స్ట్రీమింగ్‌లో వెతికేవారికి రెండు మూడు మెలకువలు అవసరం. 20 అనే సంఖ్యతో వెతికితే 20వ సింఫనీ కూడా వచ్చి పడుతుంది కాబట్టి కె. 466 అనే సంఖ్యతో వెతకాలి. ఒకే రికార్డింగు వేర్వేరు అట్టలతో, సంకలనాలతో పదిసార్లు కనబడుతుంది. పియానిస్టు పేరు మాత్రమే చూసి పోరాదు, ఆర్కెస్ట్రా పేరు, ముద్రణ సంవత్సరం చూడాలి. ఒకే పియానిస్టు రెండు మూడుసార్లు రికార్డు చేసి ఉండటం సర్వసాధారణమని పైన చూశాం. పాటలను కలగాపులగంగా వినిపించే షఫుల్‌ను తప్పక ఆపాలి. లేకపోతే మూడు భాగాల వరుస చెదిరిపోతుంది. శబ్దాన్ని అన్నిచోట్లా సమం చేసే అమరిక యాప్‌లో ఉంటే దానినీ ఆపాలి. గుసగుసకూ గర్జనకూ ఉన్న దూరమే ఈ కృతి ప్రాణం.

ఒక పొరపాటు నేను చేసినదే చెబుతాను. చాంబర్ అనే మాట చూసి ఒక ఆన్‌లైన్ దుకాణంలో ఆదరాబాదరాగా ఒక డిస్కు తెప్పించుకున్నాను. విప్పి వింటే ఆర్కెస్ట్రా లేదు. పియానో, ఫ్లూట్, వయొలిన్, చెల్లో నాలుగే ఉన్నాయి. చిన్నతనంలో మొజార్ట్ ఇంట్లోనే ఉండి పాఠం నేర్చుకున్న హుమ్మెల్, ఇళ్ళలో వాయించుకోవడానికి అనువుగా మలిచిన కూర్పు అది. చెడ్డది కాదు, సరదాగానే ఉంటుంది. కానీ ట్రంపెట్లు, టింపనీలు లేని ఈ కృతి కోరలు తీసిన పాములా ఉంటుంది. చాంబర్ ఆర్కెస్ట్రా వేరు, చాంబర్ కూర్పు వేరు. అట్ట వెనుక వాద్యాల పేర్లు చదివాకే డబ్బు కట్టాలి.

ఇక నా సలహా. ఇప్పటివరకు ఈ కృతిని విననివారు ఆన్స్‌నెస్‌తో మొదలుపెట్టవచ్చు. ధ్వని స్పష్టం కాబట్టి ఏ వాద్యం ఎక్కడ ఉందో పోల్చుకోవడం నేర్పుతుంది. ఒకసారి కృతి పరిచయమయ్యాక బిల్సన్, గార్డినర్ వినాలి. అప్పుడు ఫోర్టెపియానో బొమ్మలా తోచదు. సంగీతం మనసుకు హాయినివ్వాలి, కలవరపెట్టకూడదు అనుకునేవారు పెరాహియా దగ్గర ఆగిపోయినా నష్టమేమీ లేదు. ప్రతిసారీ కొత్తగా ఉండాలనుకునేవారికి ఆర్గెరిచ్. ఇంట్లో ఒక్కటే ఉంచుకోవాలంటే, ధ్వని పాతదైనా సరే, కర్జన్, బ్రిటన్.

ఇందులో ఎవరి దగ్గరికి చేరినా, చివరి భాగం చివరి నిమిషాన్ని మాత్రం తొందరపడి ఆపవద్దు. అంతసేపు డి మైనర్‌లో నడిచిన కృతి అక్కడ డి మేజర్‌లోకి తిరుగుతుంది. ఓబో ఒక చిన్న ఉల్లాసపు మాట ఎత్తుకుంటుంది. దానికి హార్న్‌లు, ట్రంపెట్లు నాలుగైదు స్వరాల చిన్న జవాబు చెబుతాయి, మళ్ళీ చెబుతాయి. పెద్ద ఆర్కెస్ట్రాలో అది చాలాసార్లు తీగల హోరులో కొట్టుకుపోతుంది. కర్జన్ రికార్డులో మాత్రం గది వెనుక వరుసలో ఎవరో నవ్వు ఆపుకోలేక నవ్వినట్టు వినబడుతుంది.